అంచు దాకా

పొద్దున లేవగానే స్వర్ణలత చేసే మొదటి పని యాదగిరి కళ్లద్దాలు తుడవడం. పొయ్యి ముట్టించడం దాని తర్వాతే. ఆయనకు నలభై దాటి అద్దాలు వచ్చినప్పటి నుంచి, అంటే ఇరవై మూడేళ్లుగా, ఇదే వరస. మంచం మీది నుంచే "అద్దాలు తుడిచినవా?" అని అడుగుతాడు. ఆమె ఒకసారి ఆవిరి ఊది, పాత నూలు చీర ముక్కతో మధ్య నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా అంచు దాకా తుడుస్తుంది. తర్వాత ట్యూబులైటు వెలుగులో వంచి చూస్తుంది. అద్దంలో కనబడే లైటు గీత ఎక్కడా విరగకుండా, వంకర పోకుండా ఉండాలి. అలా ఉందని తెలిశాకే ఆయన చేతికి ఇస్తుంది. అంతసేపు ఏం చూస్తుందో ఆయన ఎన్నడూ అడగలేదు. ఎప్పుడైనా కంట పడితే, "ఏం సూస్తున్నవ్ గంతసేపు, చాయ్ వెట్టు" అంటాడు.

ఆ రోజు చేతిలో అద్దాలు ఉండగానే కూతురు సిరి ఫోను చేసింది. సిరి, అల్లుడు గౌతమ్ బోడుప్పల్‌లో ఉంటారు.

"అమ్మా, వచ్చే నెల నీకు అరవై నిండుతయి. ఏం గావాలె చెప్పు. చీర అనకు. ఇంటికి పనికొచ్చేది కూడ అనకు. నీకే గావాలె."

స్వర్ణలత ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మిక్సీ అనేది.

"టెలిస్కోప్" అంది.

అటువైపు నుంచి సిరి అడిగింది. "ఏందీ?"

"చంద్రున్ని సూసేది."

మంచం మీద యాదగిరి నవ్వాడు. "టీవీ సూస్తవు, సాలదా? ఇగ చంద్రుని ఇంట్ల ఏం వండుకున్నరో గూడ సూడాల్నా?"

సిరి కూడా నవ్వింది. స్వర్ణలత కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఎవరైనా నవ్వితే ఆమె కూడా నవ్వడం అలవాటు. తన మీద అయినా సరే.

ఆకాశం ఆమెకు కొత్తేమీ కాదు. నాచారంలో ఈ ఇల్లు కట్టుకున్నాక మేడ మీది పనులన్నీ ఆమెవే. ట్యాంకు నిండిందా అని చూడటం, మిరపకాయలు ఎండబెట్టడం, పొద్దుగూకే వేళ బట్టలు తీయడం. బట్టలు తీసేటప్పుడే మల్లాపూర్ వైపు ఫ్యాక్టరీ గొట్టాల మీద చంద్రుడు కనబడేవాడు. దండెం మీది బట్టలు ఒక్కొక్కటిగా తీసి మడతపెడుతూ, ఒక్కో మడతకు ఒకసారి తల ఎత్తేది. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు ఆకాశమంతా తెల్లగా పాలిపోయి ఉండేది. అప్పుడు కూడా చంద్రుడు మాత్రం కనబడేవాడు. కింది నుంచి అత్త కౌసల్యమ్మ, "బట్టలు దీస్తున్నవా, నేస్తున్నవా?" అని కేకేసేది. అత్త పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ మడతపెట్టే చేయి ఆగితే ఆ కేక వినబడుతుంది.

ఆ తర్వాత రెండు వారాలు టెలిస్కోప్‌ని మామా అల్లుళ్లు ఎంచారు. రోజూ రాత్రి అన్నాల ముందు గౌతమ్ ఫోను. యాదగిరి స్పీకరు పెట్టి మాట్లాడేవాడు. స్వర్ణలత చపాతీలు ఒత్తుతూ వినేది.

"మామా, ఇదేమో మూడొందల రెట్లు పెద్దగ చూపిస్తదంట. ఇంకొకటేమో ఐదొందల ఇరవై ఐదు."

"తక్కువది ఎందుకు? పెద్దదే తీస్కో."

"ముందల అద్దం వెడల్పెంతనో అడుగు" అంది స్వర్ణలత వంటింట్లో నుంచి.

"జర ఆగు. మాట్లాడుతున్నం గద."

ఆమె ఆగింది. చపాతీ పెనం మీద మాడింది. మాడిందాన్ని తన కంచంలో వేసుకుంది.

ఆదివారం గౌతమ్ డబ్బా పట్టుకొచ్చాడు. మంచివాడు. చెప్పులు విప్పకముందే, "అత్తమ్మా, కండ్లు మూసుకోండి" అన్నాడు. డబ్బా మీద శనిగ్రహం రంగుల బొమ్మ, 525 అని పెద్ద అంకె. లోపల సన్నటి గొట్టం, దోమ కాళ్లలాంటి మూడు కాళ్ల స్టాండు. యాదగిరి స్టాండు బిగించి హాల్లో నిలబెట్టాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలికే గొట్టం సన్నగా వణుకుతోంది.

స్వర్ణలత ముందు వైపు అద్దాన్ని విప్పింది. ఎలా విప్పాలో ఎవరినీ అడగలేదు. ట్యూబులైటు కింద వంచి చూసింది. కంటి దగ్గర పెట్టే ముక్కను గోటితో తట్టి విన్నది. దాన్ని కూడా వంచి చూసింది. లైటు గీత అందులో పాములా మెలికలు తిరిగింది.

"ఇది ప్లాస్టిక్ బాబూ. ఎన్ని రెట్లు పెద్దగ చేస్తే గన్ని రెట్లు మసక కనబడతది. ఈ స్టాండు మీద చంద్రుడు ఒక్క నిమిషం నిలువడు. వాపస్ ఇచ్చెయ్" అంది.

గౌతమ్ ముఖం చిన్నబోయింది. "నాలుగున్నర స్టార్లున్నయి అత్తమ్మా."

"ఆకాశంల ఉంటయి స్టార్లు. డబ్బా మీద కాదు."

గౌతమ్ పక్కున నవ్వాడు. యాదగిరి నవ్వలేదు. "గంత ఎర్కున్నదానివి ముందుగాల ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఆగమన్నవ్" అంది. కోపంగా అనలేదు. ఆయనకు గుర్తు కూడా లేదు.

ఆమెకు ఎలా తెలుసని గౌతమ్ అడిగాడు. యాదగిరే జవాబు చెప్పాడు. "ఎనుకట మా ఇండస్ట్రియల్ ఏరియాల అద్దాల షెడ్డుల పనికి పొయ్యేది తియ్. టైంపాస్."

పంతొమ్మిదేళ్లు. టైంపాస్. స్వర్ణలత గొట్టాన్ని మళ్లీ డబ్బాలో సర్దుతూ ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పింది. పొద్దున నాలుగున్నరకు లేచి, అందరికీ వండి, సిరిని అత్త ఒళ్లో పెట్టి, తొమ్మిదికల్లా షెడ్డులో ఉండేది. పదకొండు మంది ఆడవాళ్లు. చశ్మాల అద్దాలు పాలిష్ చేయాలి. ఎర్రపొడి కలిపిన నీళ్లు చేతుల మీద కారి, గోళ్లలో చేరి, ఇంటికొచ్చి అన్నం కలిపితే అన్నం ఎర్రబడేది. "ఆ చేతుల్తోటి నాకు వడ్డించకు" అనేది అత్త. వడ్డించేది మాత్రం ఆ చేతులే. ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉండేది. పాలిష్‌కు తీసుకున్న ప్రతి ముక్క పక్క అంచు మీద వజ్రం ములికి పెన్సిలుతో ఆ గుర్తు గీయాలి. స్వర్ణలతది రెండు నిలువు గీతలు, కింద ఒక చుక్క. నెలాఖరున తప్పు పట్టిన ముక్కలు ఒక పళ్లెంలో పోసి, గుర్తులు చూసి, ఎవరివి వాళ్లకు కూలీ కోసేవాళ్లు. బాగున్న ముక్కలు ఫ్రేముల్లోకి పోయేవి. వాటి మీద ఎవరి గుర్తు ఉందో ఎవరూ చూడరు.

ఒక ఏడాది ఎవరో కాలేజీ వాళ్లు టెలిస్కోపు కావాలని అడిగారు. షెడ్డు సూపర్‌వైజరు త్రిమూర్తులు సారుకు అదంటే పిచ్చి. ఆరంగుళాల మందపాటి గాజుబిళ్ల తెప్పించి, గరుకు పని తను చేసి, పాలిష్ స్వర్ణలతకు ఇచ్చాడు. "నీ చెయ్యి నిదానం" అన్నాడు. మామూలు పని అయ్యాక, రోజూ సాయంత్రం రెండేసి గంటలు, నలభై రోజులు ఆ బిళ్ల చుట్టూ తిరిగింది. తారులాంటి నల్లముద్ద మీద ఎర్రనీళ్లు పోసి, బిళ్లను ముందుకు తోసి, వెనక్కి లాగి, ఒక అడుగు పక్కకు జరిగి, మళ్లీ. కాళ్లకు లెక్క తెలిసిపోయింది. ఇంట్లో పొయ్యి ముందు నిలబడ్డా పాదాలు పక్కకు జరిగేవి. ఆ బిళ్లకు వెండి రంగు పూత వేయించి తెచ్చి గొట్టంలో బిగించిన రోజు కాలేజీ వాళ్లు వచ్చారు. షెడ్డు మేడ మీద పెట్టారు. పక్క ఫ్యాక్టరీలో ఫిట్టరు కాబట్టి యాదగిరిని కూడా పిలిచారు. స్వర్ణలతను చాయ్ పెట్టమన్నారు. పద్నాలుగు గ్లాసులు. మెట్ల మీద ట్రే పట్టుకుని పోయి ఇచ్చింది. ఖాళీ గ్లాసుల కోసం మళ్లీ పోయింది. మగవాళ్లు వరసగా వంగి చూస్తున్నారు. తన వంతు వస్తుందని ట్రే పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. యాదగిరి వెనక్కి తిరిగి, "అమ్మ ఒక్కతే ఉంటది, నువ్వు నడువు" అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ, "మస్తుంది. చంద్రుని మీద గుంతలు గుంతలు" అన్నాడు. "నన్ను సూడనియ్యకపోతిరి" అంది. "సూస్తే నీకేం సమజయితది" అని, పప్పు ఇంకొంచెం వేయమన్నాడు.

అదొక్కటే. దెబ్బ కాదు, తిట్టు కాదు. ఎవరికైనా చెప్పుకుంటే, ఇంతేనా అంటారు. అందుకే ఎవరికీ చెప్పుకోలేదు. ముప్ఫై ఏళ్లయింది.

త్రిమూర్తులు సారు ఇప్పటికీ ఉప్పల్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డులో అద్దాలు అరగదీస్తాడని, అడిగిన వాళ్లకు టెలిస్కోపులు చేసి ఇస్తాడని రామంతాపూర్ చశ్మాల దుకాణం ఆయన చెప్పాడు. తర్వాతి శనివారం మధ్యాహ్నం గౌతమ్ కారులో ముగ్గురూ వెళ్లారు. యాదగిరిని ఎవరూ రమ్మనలేదు. ఆయనే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

సారుకు ఎనభై దగ్గర పడింది. చేతులు వణుకుతున్నాయి. స్వర్ణలతను గుర్తుపట్టాడు. "ఏవమ్మా, బావున్నావా?" అని, వెంటనే గౌతమ్ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎన్ని రెట్లు అని అడక్కు బాబూ. అద్దం ఎంత వెడల్పో అడుగు. ఎన్ని రెట్లన్నది కంటి దగ్గర ముక్క మారిస్తే మారిపోతుంది."

"మా అత్తమ్మ గూడ గదే చెప్పింది సార్."

"అలాగా" అన్నాడు సారు. షెడ్డులో కొత్తవి రెండున్నాయి. ఒకటి ఎనిమిదంగుళాలది. మేడ మీదికి ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. ఇంకొకటి నాలుగున్నర. చంటిపిల్లలా చంకన పెట్టుకుని మెట్లెక్కవచ్చు.

"సిన్నదే సాలు. దీని మోకాళ్లకు గదే ఎక్కువ" అన్నాడు యాదగిరి.

స్వర్ణలత మూలకు చూస్తోంది. దుప్పటి కప్పిన పాత గొట్టం ఒకటి చెక్కపెట్టె మీద నిలబడి ఉంది. "గదేంది సార్?"

"అదా? కాలేజీ వాళ్లది. పూత మాసిందని పంపారు. ఈలోగా కాలేజీయే మూసేశారు. మళ్లీ ఎవరూ రాలేదు." సారు గొంతు కొంచెం లేచింది. "నేను చేసిన మొదటి అద్దం బాబూ అది. నలభై రోజులు పట్టింది."

గౌతమ్ గౌరవంగా తల ఊపాడు.

"జర బయటికి దీస్తరా సార్?" అంది స్వర్ణలత.

గొట్టం అడుగున మూడు మరలు. సారు చేతులు వణుకుతుంటే ఆమే విప్పింది. అద్దం చేతుల్లోకి వచ్చింది. బరువు మారలేదు. చుట్టూ అంచు మీద వేలెడు వెడల్పున నల్లకాగితం రింగు అతికించి ఉంది. పక్కకు తిప్పి, బొటనవేలితో దుమ్ము తుడిచింది. రెండు నిలువు గీతలు. కింద చుక్క.

"ఇది నాది సార్."

సారు కళ్లద్దాలు తీసి, కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అవునమ్మా. పాలిష్ నువ్వే కదూ." ఆయన మొహం పాలిపోయింది. "అడిగినోళ్లందరికీ నేనే చేశానని చెప్పీ చెప్పీ, నాకే అలా అయిపోయింది తల్లీ."

"తప్పొస్తే ఎవరిదో తెలుస్తదని పెట్టించిన్రు గద సార్ ఈ గుర్తు. గిట్ల పనికొచ్చింది." తర్వాత అడిగింది. "ఈ కాగితం ఎందుకు?"

సారు చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. "అంచు కొంచెం వాలిపోయింది, అక్కడ పడ్డ వెలుగు చెదిరిపోతోంది. పూత వేయించాక తెలిసింది నాకు. కాలేజీ వాళ్లు మర్నాడే వస్తున్నారు. మళ్లీ పాలిష్‌కి టైమెక్కడ? అంచు కప్పేస్తే బొమ్మ శుభ్రంగా వస్తుంది, కప్పేశాను."

"నాకు చెప్పలే."

"చెబితే షెడ్డు లెక్కలో నీ కూలీ కోయాలమ్మా. ఎందుకులే పాపం అని ఊరుకున్నా."

ఆయన దయే అనుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా అనుకుంటున్నాడు. స్వర్ణలత అద్దం వైపు చూస్తూ నిలబడింది. ఆమెకు ఆ చివరి రోజు గుర్తొచ్చింది. నలభయ్యో రోజు. అంచు ఇంకా రాలేదని చేతికి తెలుస్తోంది. ఇంకో రెండు గంటలు కూర్చుంటే వస్తుంది. అప్పుడే షెడ్డు గుమ్మంలో యాదగిరి నిలబడ్డాడు. "అమ్మ జల్ది రమ్మన్నది. చెల్లెను సూసెటోళ్లొస్తున్రు. మిర్చిలు ఎవరేస్తరు?" రెండు గంటలైతే అయిపోతుందని చెప్పింది. "నువ్వు లేకుంటె షెడ్డు ఆగుతదా? ఇల్లు ఆగుతది" అన్నాడు. అప్పుడు ఆ మాట కొంచెం బాగుందనిపించింది కూడా. ఇల్లు తన మీదే ఆగి ఉందనుకుంది. ఎర్రచేతులు చీరకు తుడుచుకుని వెళ్లిపోయింది. మిర్చిబజ్జీలు వేసింది. వచ్చినవాళ్లు తిన్నారు. ఆ సంబంధం కుదరలేదు. మర్నాడు షెడ్డుకు పోయేసరికి సారు అద్దాన్ని పూతకు పంపేశాడు. ఆ మేడ మీద ఒక్కసారి దగ్గరికి రానిచ్చి ఉంటే గొట్టంలోకి తొంగి చూసేది. కాగితం చూసి అడిగేది. మళ్లీ కూర్చునేది.

"కాగితం తీసెయ్యండి సార్. కాగితం లేకుండనే సూస్త."

"బాగా రాదమ్మా."

"ఎట్ల రాదో సూస్త."

కాగితం తీశాక స్వర్ణలతే అద్దాన్ని మళ్లీ బిగించింది. ఎండ తగ్గాక గౌతమ్, యాదగిరి గొట్టాన్ని, పెట్టెను మేడ మీదికి మోశారు. ఆకాశం ఇంకా నీలంగానే ఉంది. సగం చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. సారు భార్య కనకమహాలక్ష్మి ఆగి ఆగి చాయ్ ట్రేతో మెట్లెక్కి వచ్చింది. స్వర్ణలత ఎదురెళ్లి ట్రే అందుకుని పిట్టగోడ మీద పెట్టింది.

"అమ్మా, మీరు ఎన్నడన్న సూసిన్రా దీంట్లకెళ్లి?"

"నేనా?" ఆవిడ నవ్వింది. "ఇది ఇంటికొచ్చినప్పట్నుంచీ ఈ గొట్టం చుట్టూ ఊడుస్తున్నానమ్మా. లోపల ఏవుందో నాకేం తెలుసు?"

"ముందు మీరు సూడుండ్రి."

ఆవిడ మొగుడి వైపు చూసింది. సారు తల దించుకున్నాడు. ఆవిడ కొంగు సర్దుకుని, వంగి, కన్ను పెట్టింది. "ఓలమ్మా" అంది. కన్ను తీయలేదు. లేవమని ఎవరూ చెప్పలేదు. చాయ్ మీద మీగడ కట్టింది.

తర్వాత స్వర్ణలత వంగింది. కుడికంటికి పొర వస్తోందని డాక్టరు చెప్పాడు. ఎడమకన్ను పెట్టింది. చంద్రుడు తలకిందులుగా ఉన్నాడు. వెలుగు, చీకటి కలిసే చోట గుంతలు, గుంతల గట్లు, గట్ల నీడలు. ఒక గుంత మధ్యలో సూదిమొనంత కొండ. తను తోసి, లాగి, పక్కకు జరిగిన ఆ అడుగులన్నీ ఇక్కడికి చేరాయి. కానీ ఆ వెలుగు చుట్టూ పాలు ఒలికినట్టు ఒక మసక. వెలుగు దాటి బయటికి, నీలం ఆకాశంలోకి కారుతోంది. అదే అంచు. ఆ రెండు గంటలు. ఏడవాలనిపించలేదు. ఇరవై తొమ్మిదేళ్ల స్వర్ణలత చీరకు చేతులు తుడుచుకుంటూ షెడ్డు మెట్లు దిగుతుంటే, ఆగు అని చెప్పడానికి ఎవరూ లేరే అని మాత్రం అనిపించింది.

యాదగిరి కూడా చూశాడు. "గప్పుడు గిట్ల లేకుండె. సాఫ్‌గ ఉండె."

"గప్పుడు కప్పిపెట్టిన్రు" అంది.

కిందికి దిగాక గౌతమ్ అడిగాడు. "మరి ఏది తీసుకుందాం అత్తమ్మా? చిన్నదా, పెద్దదా?"

"ఆ పాతదే. కాని ఇప్పుడు కాదు." సారు వైపు తిరిగింది. "నల్లముద్ద, పొడి మీ దగ్గర ఉన్నయా సార్?"

"ఉన్నాయి. పాత పూత కడిగెయ్యాలి. అయ్యాక మళ్లీ పూతకి పంపాలి." ఆయన ఆమె చేతుల వైపు చూశాడు. "రెండు గంటల్లో అవదమ్మా ఇప్పుడు. నెల పట్టొచ్చు."

"పట్టనియ్యి. రేపటికెళ్లి రోజు నాలుగ్గొట్టంగ వస్త."

తిరిగి వచ్చేటప్పుడు యాదగిరి వెనక సీట్లో ఆమె పక్కన కూర్చున్నాడు. ఉప్పల్ చౌరస్తాలో బండ్లు ఆగిపోయాయి. మెట్రో పైన పోతోంది. అది పోయాక ఆయన అన్నాడు.

"ఆ దినం నేనే దీస్కపోయిన నిన్ను."

పోనీలే అనాల్సిన చోటు అది. పెళ్లయిన నాటి నుంచి అలాంటి ప్రతి చోటా ఆమే ఆ మాట అన్నది. అన్నాక ఆయన మనసు తేలికపడేది. ఆ బరువు ఎటు పోయిందో ఆయన చూడలేదు. ఈసారి ఆమె అనలేదు. "అవును" అంది.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు స్వర్ణలత పాత చీర ఒకటి సంచిలో పెట్టుకుంది. యాదగిరి నిద్ర లేచి మంచం మీద కూర్చున్నాడు. అలవాటుగా చెయ్యి చాపాడు.

"అద్దాలు తుడిచినవా?"

ఆమె కళ్లద్దాలు, వాటి మీద నూలుగుడ్డ ముక్క, రెండూ ఆయన చేతిలో పెట్టింది. ఆయన గుడ్డ వైపు, ఆమె వైపు చూశాడు. తర్వాత ఆవిరి ఊది, అద్దం మధ్యలో రెండుసార్లు రుద్దాడు.

"నడుమల తుడిస్తే సాలదు" అంది చెప్పులు వేసుకుంటూ. "అంచు దాకా తుడవాలె."

తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.